వెండి నగలో మార్కసైట్ రాళ్లు: ఇవి ఏ ఖనిజం? మరమ్మతు, శుభ్రత ఎలా?

ప్రశ్న – గండికోట గువ్వ (కడప)

అందరికీ నమస్కారం. మా మేనత్త కువైట్‌లో చాలా కాలం ఉద్యోగం చేసి వచ్చారు. అక్కడ ఆమె కొనుక్కున్న ఒక వెండి పతకాన్నీ, దానికి జతగా ఉన్న కమ్మలనూ ఈ మధ్య నాకు ఇచ్చారు. పతకం ఆకు ఆకారంలో ఉంటుంది. ఆకు ఈనెల వెంబడి ఆవగింజ కంటే కొంచెం పెద్దవైన రాళ్లు వరుసగా పొదిగి ఉన్నాయి. అవి దూరానికి నల్లగా కనిపిస్తాయి కానీ, వెలుతురు వైపు తిప్పినప్పుడు ఒక్కొక్క రాయీ లోహంలాగా తళుక్కుమంటుంది. వెనుక 925 అని ముద్ర ఉంది. పెట్టెలోని చీటీ మీద ‘మార్కసైట్’ అని రాసి ఉంది.

పతకం పై భాగంలో గొలుసు దూర్చే కొండి విరిగిపోయింది, ఒక రాయి కూడా ఊడిపోయింది. ఊడిన రాయిని దాచి ఉంచాను. బాగు చేయించడానికి ఇక్కడ ఒక దుకాణానికి తీసుకుని వెళితే, అవి ఇనుప రాళ్లని, వాటికి విలువ లేదని, అన్నిటినీ తీసేసి తెల్లని అమెరికన్ డైమండ్ రాళ్లు పెట్టించుకుంటే నగకు కళ వస్తుందని చెప్పారు. ఇంకొక బంధువు, మార్కసైట్ అనే ఖనిజం కొన్నేళ్లకు దానంతట అదే పొడిపొడి అయిపోతుందని, అందులో నుంచి ఆమ్లం కూడా పుడుతుందని ఎక్కడో చదివి భయపెట్టారు. నాకు ఆ ముదురు మెరుపే నచ్చింది కాబట్టి, దాన్ని మార్చాలన్న ఆలోచన లేదు.

తెలిసినవారు దయచేసి చెప్పండి. ఇవి నిజంగా ఏ రాళ్లు? పొడి అయిపోతాయన్న మాటలో నిజం ఎంత? కొండికి టంకం పెట్టించవచ్చా? మరొక విషయం, మా ఇంట్లో పండుగకు ముందు వెండి సామాను అంతా చింతపండుతోనూ విభూతితోనూ తోముతాము. ఈ నగను కూడా వాటితో కలిపి తోమవచ్చని మా అత్తగారు అంటున్నారు. నేను ఇంకా దాని జోలికి పోలేదు. మీరు చెప్పిన తరువాతే ఏ పనైనా చేస్తాను.

జవాబు – శిలలపాఠం (కర్నూలు)

నమస్కారం అమ్మా. నేను చాలా ఏళ్లు భూగర్భశాస్త్రం బోధించాను కాబట్టి రాయి సంగతి వరకు చెబుతాను. పొదుగు పని సంగతి ఆ పని చేసేవారే చెప్పాలి.

నగల వ్యాపారంలో మార్కసైట్ అని పిలిచే రాయి, ఖనిజశాస్త్రం ప్రకారం మార్కసైట్ కాదు, పైరైటు. ఇందులో మోసం ఏమీ లేదు. పూర్వం ఈ రెండు ఖనిజాలనూ వేరు వేరుగా చూసేవారు కాదు, రెండింటికీ ఒకే పేరు నడిచేది. 1845లో ఆస్ట్రియా ఖనిజ శాస్త్రవేత్త విల్హెల్మ్ హైడింగర్ వీటిని విడదీసి మార్కసైట్ అన్న పేరును ఒకదానికే కేటాయించాడు. అప్పటికే ఆ పేరు నగల వ్యాపారంలో స్థిరపడిపోయింది కాబట్టి, వ్యాపారులు పాత పేరునే కొనసాగించారు. నేటికీ ప్రపంచమంతటా అదే వాడుక.

ఈ రెండు ఖనిజాలలోనూ ఉండే పదార్థం ఒకటే. ఒక పాలు ఇనుప పరమాణువులకు రెండు పాళ్ల గంధకం పరమాణువులు. తేడా అంతా ఆ పరమాణువులు పేర్చబడిన తీరులో ఉంది. వజ్రమూ, పెన్సిల్‌లోని గ్రాఫైటూ రెండూ కర్బనమే అయినా ఎంత భిన్నంగా ఉంటాయో అందరికీ తెలిసిందే, ఇదీ అటువంటిదే. పైరైటు స్ఫటికాలు ఘనాకృతిలో పెరుగుతాయి. పాచికలు కోసి పెట్టినంత నిక్కచ్చిగా ఉండే ఘనాలు ప్రకృతిలోనే దొరుకుతాయి. మార్కసైట్ స్ఫటికాలు పలకలుగా, కోడిజుట్టు ఆకారంలో గుంపులుగా పెరుగుతాయి. ఇది తక్కువ ఉష్ణోగ్రత దగ్గర, ఆమ్లగుణం ఉన్న నీటిలో, ఎక్కువగా సున్నపురాయి, బొగ్గు వంటి పొరల్లో ఏర్పడుతుంది. పెళుసుగా ఉంటుంది, గాలిలోని తేమకు త్వరగా చెడిపోతుంది. కాబట్టి దాన్ని సాన పట్టి నగలో పెట్టడం జరిగే పని కాదు. మీ బంధువు చదివినది అసలు మార్కసైట్ గురించి రాసిన విషయం. అది నిజమే కానీ, మీ పతకంలోని రాళ్లకు అది అంతగా వర్తించదు.

అంతగా అని ఎందుకన్నానంటే, పైరైటు కూడా చెడిపోదని పూర్తిగా చెప్పలేము. పైరైటుకు నీరూ ప్రాణవాయువూ తోడైతే ఇనుప సల్ఫేటు, సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడతాయి. మ్యూజియాలలో దాచిన పైరైటు నమూనాల మీద తెల్లని, పసుపుపచ్చని పొడి తేలి, వాటి కింద పెట్టిన అట్టపెట్టె సైతం ఆ ఆమ్లానికి తినివేయబడడం ఆ రంగంలోని వారందరూ ఎరిగిన సమస్యే. గాలిలో తేమ 60 శాతం దాటి చాలా కాలం నిలిచి ఉన్నప్పుడు ఈ చర్య వేగం పుంజుకుంటుంది. అయితే సన్నని రేణువులుగా, గుల్లగా ఉన్న పైరైటే దీనికి ఎక్కువగా లోనవుతుంది. గట్టిగా, ఒకే స్ఫటికంగా ఉన్న రాయిని కోసి నునుపుగా సాన పట్టినప్పుడు అది తరాల పాటు నిలుస్తుంది. ఐరోపాలో పద్దెనిమిదవ శతాబ్దంలో చేసిన పైరైటు నగలు నేటికీ మెరుస్తూ ఉన్నాయంటే అందుకు కారణం ఇదే. మన కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలలో వానాకాలం తప్పించి మిగతా సంవత్సరమంతా గాలి పొడిగానే ఉంటుంది. సముద్రతీరంలో ఉండేవారి కంటే ఈ విషయంలో మీరు నయం.

ఇనుప రాళ్లు అన్న మాటకు వస్తాను. పైరైటు బరువులో 46 శాతానికి పైగా ఇనుమే, మిగతాది గంధకం. ఆ లెక్కన దుకాణంలో చెప్పినది పూర్తిగా తప్పు కాదు. కానీ దాన్ని బట్టి అది పనికిరాని వస్తువు అనడం మాత్రం తప్పు. ఒక చిన్న పరీక్ష చేయండి. ఊడిన రాయి దగ్గరకు మామూలు అయస్కాంతాన్ని తీసుకుని వెళ్లండి. పైరైటైతే అది కదలదు. పాత నగలలో ఇదే రూపంలో ఉక్కు ముక్కలను పలకలు తీర్చి బిగించినవి కూడా ఉన్నాయి. అవి మాత్రం వెంటనే అంటుకుంటాయి. ఆ తరువాత పింగాణీ కప్పును బోర్లించి, అడుగున మెరుగు పూయని గరుకు అంచు మీద, ఊడిన రాయిని శ్రావణంతో పట్టుకుని వెనుక వైపు అంచుతో గట్టిగా గీయండి. పైరైటు గీత ఆకుపచ్చ ఛాయ కలిసిన నలుపులో పడుతుంది. ఎర్రమట్టి రంగు గీత పడితే అది హెమటైటు. మన అనంతపురం జిల్లా ఓబులాపురం కొండల్లోని ఇనుప ఖనిజం అదే. దాన్ని కూడా సాన పట్టి నల్లని పూసలుగా నగల్లో వాడతారు. బజారులో అయస్కాంతానికి అంటుకునే హెమటైటు పూసలని అమ్మేవి మాత్రం ఖనిజాలు కావు, కర్మాగారంలో తయారైన ఫెర్రైటు పూసలు. పరీక్ష ఏదైనా ఊడిన రాయి మీదే చేయండి. పతకంలో ఉన్న రాయిని గీయవద్దు.

పైరైటు మన ప్రాంతానికి కొత్త ఖనిజం కాదు. రామగిరి బంగారు గనుల్లోని పలుగురాయి నరాల్లో బంగారంతో పాటు ఇదీ ఉంది. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్న డోలమైటు రాతిలోనూ పైరైటు రేణువులు ఉన్నాయి. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వెతికే జనం మధ్య, పచ్చగా మెరిసే పైరైటు ముక్కను చూసి బంగారమేమోనని ఆశపడేవారు ఉంటారు. సుత్తితో కొడితే బంగారం రేకుగా సాగుతుంది, పైరైటు పొడిగా రాలుతుంది. బంగారం సాంద్రత నీటికి 19 రెట్లు, పైరైటు సాంద్రత 5 రెట్లు మాత్రమే. కానీ కాఠిన్యంలో పైరైటుది పైచేయి. మోస్ కొలమానంలో బంగారానికి 2.5 నుంచి 3 వరకు వస్తే, పైరైటుకు 6 నుంచి 6.5 వరకు వస్తుంది. ఉక్కుతో కొడితే నిప్పురవ్వలు లేచేంత గట్టిది. బంగారం కాకపోయినంత మాత్రాన దాన్ని తీసిపారేయడం ఒక ఖనిజానికి మనం చేసే అన్యాయమని నా అభిప్రాయం. అందుకే ఇంత వివరంగా రాశాను.

జవాబు – పొదుగుపని (ప్రొద్దుటూరు)

అక్కా, నమస్కారం. నేను ప్రొద్దుటూరులో రాళ్లు పొదిగే పని చేస్తాను. మా ఊళ్లో బంగారం పనే ఎక్కువ. కెంపులు, పచ్చలు, రవ్వలు నిత్యం చేతిలో ఆడుతూ ఉంటాయి. మార్కసైట్ నగలు మరమ్మతుకు మాత్రమే వస్తాయి. అయినా వాటి పని నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ముందుగా, ఆ రాళ్లు తీసేసి అమెరికన్ డైమండ్ పెట్టించవద్దు. ఇది ఇష్టాయిష్టాల మాట కాదు, ఆ పొదుగులో అవి కుదరవు. మామూలు రవ్వకు పైన పలకలు ఉంటాయి, కింద మొనదేలి ఉంటుంది. వెలుతురు రాయిలోకి దిగి, కింది పలకలకు తగిలి తిరిగి పైకి వస్తేనే అది మెరుస్తుంది. అందుకని దాని కింద గడి, అంటే రాయి కూర్చునే గుంట, లోతుగా ఉండాలి. పైరైటులోకి వెలుతురు దిగదు, పైపైనే తిరిగివస్తుంది. కాబట్టి దాన్ని అడుగు చదునుగా ఉంచి, పైన మాత్రం చిన్న గోపురం మాదిరిగా కోస్తారు. గుండ్రటి రాయిని భూతద్దంలో చూడండి, నడిమి కొన నుంచి అంచుకు దిగే ఆరు త్రికోణపు పలకలు కనిపిస్తాయి. అటువంటి రాయికి చేసిన గడి లోతు చాలా తక్కువ. అందులో మొన ఉన్న రాయిని కూర్చోబెట్టాలంటే వెండిని కింది దాకా తొలచాలి. సన్నని ఈనెలు అంతగా తొలిస్తే తట్టుకోలేవు, పతకం పాడవుతుంది.

రెండవది, మీ రాళ్లు ఏ విధంగా నిలబడి ఉన్నాయో చూసుకోండి. మంచి పనిలో రాయిని గడిలో కూర్చోబెట్టిన తరువాత, పక్కనున్న వెండిని సన్నని ఉలితో కొద్దిగా పైకి లేపి, దాన్ని గింజలా గుండ్రంగా చేసి, రాయి అంచు మీదికి నొక్కుతారు. ఒక్కొక్క రాయికి ఇటువంటి గింజలు రెండో మూడో ఉంటాయి. ఆ పని చేసేటప్పుడు నగ కదలకుండా దాన్ని లక్క కర్ర మీద కరిగిన లక్కలో కూర్చోబెడతాము. ఉలి ఒక వెంట్రుక మందం జారినా రాయి అంచు చిట్లిపోతుంది, పైరైటు గట్టిదే కానీ పెళుసుదనం ఎక్కువ. చవక పనిలో ఈ శ్రమ ఉండదు. గడిలో జిగురు చుక్క వేసి రాయిని అతికించి, చూపులకు మాత్రం పోతలోనే గింజల వంటి బొడిపెలు తెప్పిస్తారు. ఆ బొడిపె రాయి అంచు మీదికి వంగి ఉందా, లేక రాయికి తాకకుండా పక్కన నిలబడి ఉందా అన్నది భూతద్దంలో స్పష్టంగా తెలుస్తుంది. ఊడిన రాయి గడిలో పసుపుపచ్చగా, గాజులాగా ఆరిపోయిన పొర కనిపిస్తే అది జిగురే.

కొండి విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. వెండి టంకం కరగాలంటే 600 డిగ్రీలకు పైన వేడి కావాలి. ఆ మంట పతకానికి తగిలితే పైరైటులోని గంధకం కాలి పొగగా పోతుంది, రాయి నల్లగా మాడి గరుకుగా మారుతుంది, ఆ గంధకం తగిలి చుట్టూ వెండి కూడా కమిలిపోతుంది. జిగురుతో నిలిచిన రాళ్లైతే మంట దగ్గరకు రాకముందే రాలిపోతాయి. కాబట్టి నగను ఎవరి చేతికి ఇచ్చినా, ఊదుగొట్టం పెట్టకముందే ఇది మార్కసైట్ నగ అని స్పష్టంగా చెప్పండి. విరిగినది విడి వలయమైతే పని సులువు. కొత్త వెండి వలయాన్ని తెరిచి, దూర్చి, టంకం లేకుండానే పట్కారుతో నొక్కి మూయవచ్చు, వెండి తీగ కాస్త మందంగా ఉంటే అది చాలా కాలం నిలుస్తుంది. పతకంతో కలిసి పోత పోసిన కొండి విరిగి ఉంటే లేజర్‌తో అతికించడమే మేలైన దారి, దాని వేడి సూదిమొన అంత చోటికే పరిమితమవుతుంది కాబట్టి పక్కనున్న రాళ్లకు దెబ్బ ఉండదు. లేజర్ యంత్రం ఉన్న పనివారు మా ఊళ్లో ఉన్నారు. ఆ సౌకర్యం అందకపోతే, కొండి దగ్గరి రాళ్లను ముందు ఊడదీసి, టంకం పని ముగిశాక తిరిగి పొదగాలి. దానికి మజూరి ఎక్కువ అవుతుంది, ఒకటి రెండు రాళ్లు విరగడానికి కూడా సిద్ధపడాలి.

ఊడిన రాయిని పారేయకుండా దాచడం మంచి పని. అది దెబ్బతినకుండా ఉంటే దాన్నే తిరిగి పొదగవచ్చు. పోయిన రాయికి బదులు కావాలంటే గడి వ్యాసాన్ని మిల్లీమీటరులో పదో వంతు వరకు కొలిచి తెప్పించుకోవాలి. ఈ రాళ్లు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల మధ్య అనేక సైజుల్లో ఉంటాయి. చెన్నైలోనో జైపూర్‌లోనో రాళ్ల వ్యాపారుల దగ్గర విచారించాలి.

ఇక చింతపండు. దయచేసి వద్దు. చింతపండులో ఉన్నది పులుపు, అంటే ఆమ్లం, అది పైరైటు మెరుగును తీసేస్తుంది, గడిలోకి దిగి ఆరకుండా నిలిచిపోతుంది. విభూతి, టూత్‌పౌడర్ వంటివి సన్నని సందుల్లో ఇరుక్కుపోయి తెల్లగా కనిపిస్తాయి, వాటిని బయటికి తీయడానికి మళ్లీ నీళ్లలో నానబెట్టాలి, ఆ నీరే జిగురుకు శత్రువు. వెండిని ముంచి తీసే సీసా మందు కూడా పనికిరాదు. నగల దుకాణాల్లో నీటి తొట్టెలో అదిరించి శుభ్రం చేసే యంత్రంలో కూడా దీన్ని వేయనివ్వవద్దు. పొడి మెత్తని నూలు గుడ్డతో తుడవడం, సందుల్లోని దుమ్మును చిన్న పిల్లల పళ్ల బ్రష్‌తో పొడిగానే దులపడం, అంతకు మించి ఏమీ అవసరం లేదు. ఇంకొక మాట, ఈనెల మధ్య ఉన్న నలుపు మురికి కాదు. రాళ్ల మెరుపు ఎత్తి కనపడాలని తయారుచేసేటప్పుడే వెండికి పెట్టిన నలుపు అది. తోమితే అది పోయి, పతకం పాలిపోయినట్టు కనపడుతుంది.

విలువ గురించి కూడా ఒక మాట. వెండి తూకానికి అమ్మితే రాళ్ల బరువు తీసేసి లెక్క కడతారు, అందులో మీకు మిగిలేది కొంచెమే. ఈ నగ ఖరీదు రాయిలోనూ లేదు, వెండిలోనూ లేదు, చేతిపనిలో ఉంది. తూకం వేసేవారు అది చూడరు.

జవాబు – పాతనగల ఇల్లు (అనంతపురం)

పైన ఇద్దరూ చెప్పినదానికి నేను కొంత చరిత్రను జోడిస్తాను, ఎందుకంటే ఈ రాయిని వజ్రానికి నకిలీగా మాత్రమే చూడడం వల్లే దుకాణాల్లో దానికి మర్యాద దక్కడం లేదు.

పైరైటును అలంకారానికి వాడడం చాలా పాతది. మధ్య అమెరికాలోని ప్రాచీన నాగరికతల వారు పైరైటు పలకలను పక్కపక్కన అతికించి, నునుపు చేసి, అద్దాలుగా వాడారు. ఐరోపాలో పద్దెనిమిదవ శతాబ్దంలో, ముఖ్యంగా ఫ్రాన్సులో, వజ్రాలకు బదులుగా దీన్ని వెండిలో పొదిగి పతకాలు, గుండీలు, బూట్ల బకిళ్లు చేయించుకునేవారు. కొవ్వొత్తుల వెలుగులో వజ్రపు తళుకుకు కొంత దగ్గరగా కనపడడం దాని ఆదరణకు కారణం. 1861లో బ్రిటన్‌లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ మరణించిన తరువాత, రాణి ఎన్నో ఏళ్లు సంతాప దుస్తుల్లోనే ఉండిపోవడంతో, ఆ దేశంలో ముదురు రంగు నగలకు గిరాకీ పెరిగింది. నల్లని జెట్ రాయితో పాటు మార్కసైట్ కూడా ఆ కాలంలో బాగా చెల్లింది. మళ్లీ 1920, 1930 దశకాల్లో, ఆర్ట్ డెకో అని పిలిచే తీరులో, సూటి గీతలూ కోణాలూ ఉన్న వెండి నగల మీద మార్కసైట్ వరుసలు కొత్త అందంతో తిరిగి వచ్చాయి. జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ పట్టణం ఈ పనికి పేరుపొందింది. అక్కడి థియోడర్ ఫార్నర్ సంస్థ పేరుతో వచ్చిన నగలను నేటికీ సేకరించేవారు వెతికి మరీ కొంటారు. ఆ నగలలో మార్కసైట్ వజ్రానికి బదులుగా నిలబడలేదు. ఆకుపచ్చని అగేటు పక్కన, ఎర్రని పగడం పక్కన దాని బూడిదరంగు మెరుపు తన అందంతోనే నిలిచింది. నాకు ఆ కాలపు పనే అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

ఇప్పుడు పాత తీరులో కొత్తగా తయారయ్యే మార్కసైట్ వెండి నగలు ఎక్కువగా థాయ్‌లాండ్ నుంచి వస్తున్నాయి. అక్కడ ఈ రాళ్లను పొదగడం ఒక పెద్ద పరిశ్రమ. గల్ఫ్ దేశాల దుకాణాల్లో కొన్నదీ, 925 ముద్ర తప్ప వేరే గుర్తు లేనిదీ అంటే మీ మేనత్తగారి పతకం కూడా అటువంటి తయారీ అయి ఉండడానికే అవకాశం ఎక్కువ. అంటే అది పాతకాలపు నగ కాదు, పాతకాలపు తీరులో చేసిన నగ. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. మన దుకాణాల్లో జర్మన్ సిల్వర్ పేరుతో అమ్మే లోహంలో వెండి బొత్తిగా ఉండదు, అది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం. ఆ లోహంలో గాజు రాళ్లకు బూడిదరంగు పూత వేసి, మార్కసైట్ తీరని అమ్మే నగలు కూడా బజారులో ఉన్నాయి. గాజు రాయి అయితే దాని అంచు చిట్లిన చోట పూత పోయి లోపల పారదర్శకంగా కనపడుతుంది. పైరైటు విరిగిన చోట కూడా ఇత్తడి ఛాయలో లోహపు మెరుపే ఉంటుంది.

మీరు రాళ్లు మార్పించకూడదని నిశ్చయించుకోవడం నాకు చాలా సంతోషం కలిగించింది. ప్రతి నగా తెల్లగా తళతళలాడాలన్న పట్టుదలతో ఇటువంటి మంచి పనులను పాడుచేసుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

గండికోట గువ్వ (కడప)

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. శిలలపాఠం గారూ, మీరు చెప్పినట్టే చూశాను. అయస్కాంతానికి రాయి కదలలేదు. కప్పు అడుగున గీసినప్పుడు నల్లని గీత పడింది, వెలుతురులో చూస్తే అందులో కొంచెం పచ్చదనం ఉంది. పొదుగుపని అన్నా, భూతద్దంలో చూస్తే పతకంలోని రాళ్ల అంచుల మీదికి వెండి గింజలు వంగి ఉన్నాయి కానీ, కమ్మల్లో మాత్రం బొడిపెలు పక్కన నిలబడి ఉన్నాయి, రాళ్లకు తాకడం లేదు. విరిగినది విడి వలయమే. కాబట్టి టంకం లేకుండానే పని అవుతుందని ధైర్యం వచ్చింది.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. వీటిని ముత్యాల దండ, బంగారు గొలుసు ఉన్న పెట్టెలోనే పెట్టవచ్చా? ఎండాకాలంలో చెమట పట్టినప్పుడు పెట్టుకుంటే ఏమైనా అవుతుందా?

జవాబు – పొదుగుపని (ప్రొద్దుటూరు)

అక్కా, పతకంలో మంచి పని, కమ్మల్లో జిగురు పని, ఇలా ఒకే జతలో రెండూ ఉండడం అరుదేమీ కాదు. కమ్మలకు ఎక్కువ జాగ్రత్త అవసరం. తల స్నానం చేసేటప్పుడు, ముఖం కడిగేటప్పుడు తీసేయండి. సెంటు, తలనూనె పూసుకున్న తరువాతే వాటిని పెట్టుకోండి. వాటిలో ఒక్క రాయి కదిలినట్టు అనిపించినా, చూసీచూడనట్టు ఊరుకోకుండా మొత్తం కమ్మను చూపించండి, ఎందుకంటే జిగురు ఒకచోట వదిలిందంటే మిగతా చోట్ల కూడా వదలబోతోందని అర్థం. వదిలిన రాళ్లను ఎపాక్సీ జిగురుతో తిరిగి పెట్టించుకోవచ్చు, కానీ పాత జిగురును పూర్తిగా గీకి తీయాలి, పాతదాని మీదే కొత్తది వేస్తే నిలవదు.

చెమటలో ఉప్పు ఉంటుంది, అది వెండికీ పైరైటుకూ రెండింటికీ మంచిది కాదు. మన ఎండలకు భయపడి నగను పెట్టుకోకుండా ఉండనక్కర్లేదు, తీసిన వెంటనే పొడి గుడ్డతో ముందూ వెనుకా తుడిచి, కాసేపు గాలికి ఆరనిచ్చి అప్పుడు దాచండి. తడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ కవరులో మూసిపెట్టడమే అన్నిటికంటే హాని చేస్తుంది.

జవాబు – శిలలపాఠం (కర్నూలు)

గీత పరీక్ష ఫలితం పైరైటునే చూపుతోంది. పెట్టె గురించి నేను చెబుతాను. ముత్యాలతో కలిపి పెట్టవద్దమ్మా. ముత్యం కాఠిన్యం 2.5 నుంచి 4.5 వరకు మాత్రమే, పైరైటు పలకల అంచులు దాని మీద గీతలు పెడతాయి. బంగారం కూడా పైరైటు కంటే చాలా మెత్తన. మెత్తని నూలు గుడ్డలో విడిగా చుట్టి, విడి అరలో పెట్టండి. చుట్టిన గుడ్డను రబ్బరు బ్యాండుతో మాత్రం బిగించవద్దు, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది, నూలు దారం చాలు. వానాకాలంలో మందుల సీసాల్లోనూ కొత్త సంచుల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి ఆ అరలో వేసి ఉంచండి.

వానలు తగ్గాక ఒకసారి నగను బయటికి తీసి, రాళ్ల అంచుల దగ్గర తెల్లని పొడి గాని, గంధకం వాసన గాని ఉన్నదేమో చూడండి. ఉంటే ఆ ఒక్క రాయినే తీయించి మార్పించండి, పక్క రాళ్లకు ఆమ్లం పాకకుండా ఉంటుంది. ఏమీ కనపడకపోతే మళ్లీ చుట్టి పెట్టేయండి.